అరుదుగా వచ్చే అపాయానికి వారం వారం అభ్యాసం

– నర్సింగ్ సూపరింటెండెంట్



ప్రసూతి వార్డు బయట బల్లల మీద కూర్చునేవారు ఈ మధ్య ఒక వింత చూస్తున్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం, డ్యూటీ మారే వేళకు లోపల గంట మోగుతుంది. సిస్టర్లు పరుగెత్తుకొస్తారు. ఎవరో "బ్లీడింగ్ కేసు, అందరూ రండి" అని గట్టిగా పిలుస్తారు. పది నిమిషాల్లో అంతా సద్దుమణుగుతుంది, లోపలి నుంచి నవ్వులు కూడా వినిపిస్తాయి. తలుపు సందులోంచి చూసిన ఒక పెద్దమ్మ గారికి, మంచం మీద నొప్పులు పడుతున్నది మా స్టాఫ్ నర్సేనని తెలిసి ఆశ్చర్యం వేసిందట. సలహాల పెట్టెలో ఒక చీటీ కూడా పడింది: "మా అమ్మాయి ఇక్కడ నొప్పులు పడుతుంటే సిస్టర్లు బొమ్మతో ఆడుకుంటున్నారు."

ఆ చీటీ రాసినవారికి కోపం రావడం న్యాయమే. అందుకే ఈ నెల పాఠం దాని గురించి రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు చెప్పాలి. డ్యూటీలో ఉన్న సిస్టర్లు తమ పేషెంట్లను వదిలి ఈ అభ్యాసానికి రారు; డ్యూటీ దిగేవారూ ఎక్కేవారూ కలిసే అరగంటను దీనికి వాడుకుంటాం. మధ్యలో నిజమైన కేసు వస్తే అభ్యాసం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇకనుంచి తలుపుకు "అభ్యాసం జరుగుచున్నది" అనే బోర్డు కూడా తగిలిస్తాం. బొమ్మ ఖర్చు బిల్లులో పడుతుందా అని కొందరు అడిగారు. పడదు.

దీన్ని మాక్ డ్రిల్లు అంటారు. క్రిస్మస్ నాటికకు పిల్లలచేత నెల రోజుల ముందునుంచి రిహార్సల్ చేయిస్తాం కదా, ఇదీ అటువంటిదే. కాకపోతే నాటికకు తేదీ ఉంటుంది. కాన్పులో వచ్చే అపాయానికి తేదీ ఉండదు, అది ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు కూడా రావచ్చు.

అరుదైనదానికి ఇంత అభ్యాసం ఎందుకు?

అరుదైనది కాబట్టే. ఒక చిన్న లెక్క చూడండి. నెలకు 40 సాధారణ కాన్పులు జరిగే ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. ఏడాదికి 480. బిడ్డ తల బయటికి వచ్చాక భుజం లోపల ఇరుక్కుపోవడం అనే అపాయం వెయ్యి కాన్పుల్లో ఆరేడింటికి వస్తుంది. అంటే ఆ ఆసుపత్రిలో ఏడాదికి సుమారు మూడు. మూడు షిఫ్టుల్లో పన్నెండు మంది సిస్టర్లు పనిచేస్తుంటే, ఒక్కొక్కరి చేతిమీదుగా అటువంటి కేసు జరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. బి.పి. చూడటం, సూది వేయడం వంటి పనులు రోజూ చేస్తాం గనుక చేతులకు వచ్చేస్తాయి. నాలుగేళ్ళకు ఒకసారి చేసే పని పుస్తకంలో ఎంత బాగా చదివినా, ఆ నిమిషంలో చేతులకు అందదు.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. మన రాష్ట్రాల్లో తల్లుల మరణాలు బాగా తగ్గాయి. 2004-06 సర్వే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష జననాలకు 154 మంది తల్లులు చనిపోయారు. 2018-20 లెక్కలకు వచ్చేసరికి అది ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఇది ఎంతో సంతోషించదగిన విషయం. కానీ దీనివల్ల కొత్తగా ఉద్యోగంలో చేరిన సిస్టరు, మా తరం వాళ్ళు చూసినన్ని గుర్రపువాతం కేసులు చూడదు. చూడకపోవడమే మంచిది! అయితే చూడని కేసు ఒక రాత్రి గుమ్మంలోకి వస్తే ఆమె ఏం చేయాలి? చూసి నేర్చుకునే అవకాశం తగ్గినకొద్దీ బొమ్మ మీద నేర్చుకోవడం తప్పనిసరి అవుతుంది.

బొమ్మ కొత్తది కాదు

ఫ్రాన్సు దేశంలో అంజెలిక్ ద్యు కుద్రే అనే మంత్రసాని ఉండేది. చదువు రాని పల్లెటూరి ఆడవాళ్ళకు కాన్పులు చేయడం నేర్పడానికి ఆమె గుడ్డ, తోలు, దూది వంటివాటితో స్త్రీ నడుము భాగాన్ని, అందులో ఇమిడే బిడ్డ బొమ్మను కుట్టించింది. నెత్తురు, ఉమ్మనీరు కారడం చూపించడానికి స్పాంజి ముక్కలు పెట్టేదట. 1759లో రాజు పదిహేనో లూయీ ఆమెకు దేశమంతా తిరిగి నేర్పమని అధికార పత్రం ఇచ్చాడు. ఆమె పాతికేళ్ళపాటు ఊరూరా తిరిగి వేలమందికి నేర్పింది. ఆ బొమ్మల్లో ఒకటి నేటికీ రూవాఁ పట్టణంలోని మ్యూజియంలో ఉంది.

నేను జి.ఎన్.ఎం. చదివిన రోజుల్లో మా ట్రైనింగ్ స్కూల్లో కూడా ఒక గుడ్డబొమ్మ, దానికి తోడు నడుము ఎముకల గూడు ఒకటి ఉండేవి. బిడ్డ తల ఏ వైపుకు తిరుగుతుందో మా ట్యూటరు గారు వాటితోనే చూపించేవారు. ఆ బొమ్మ బట్టలు ఎన్నిసార్లు ఉతికామో! ఇప్పుడు వచ్చిన మార్పు ఏమిటంటే, ఒక సిస్టరు తన పొట్టమీద నడికట్టులాగా కట్టుకునే బొమ్మ వచ్చింది. మామా నటాలీ అంటారు. నార్వేలో 1960లో నోటితో ఊపిరి ఊదడం నేర్పే బొమ్మను తయారుచేసిన లార్డల్ అనే బొమ్మల వ్యాపారి సంస్థవారిదే ఇది కూడా. లోపల బిడ్డ, మాయ, ఎర్రనీళ్ళ సంచి ఉంటాయి. కట్టుకున్న సిస్టరు కేకలు పెడుతుంది, నీళ్ళు అడుగుతుంది, "నాకేమైంది సిస్టర్?" అంటుంది. మంచం మీది బొమ్మ మాట్లాడదు, ఈమె మాట్లాడుతుంది. భయపడుతున్న తల్లితో మాట్లాడుతూ పని చేయడం కూడా నేర్చుకోవలసిందే.

ఒక బ్లీడింగ్ డ్రిల్లు

కాన్పు తర్వాత అధిక రక్తస్రావం మన దేశంలో తల్లుల ప్రాణాలు తీసే కారణాల్లో మొదటిది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడిన తర్వాత గర్భసంచి రాయిలాగా గట్టిపడాలి. మెత్తగా ఉండిపోతే నిమిషాల్లో పరిస్థితి చేయి దాటుతుంది. మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే గనుక ఇతరులు తట్టుకున్నంత రక్తం పోయినా మనవాళ్ళు తట్టుకోలేరు.

గంట మోగుతుంది. మొదట చూసిన సిస్టరు పేషెంటును వదలదు, అక్కడినుంచే పిలుస్తుంది, పొట్టమీద చేయి పెట్టి గర్భసంచిని మర్దన చేయడం మొదలుపెడుతుంది. రెండో సిస్టరు ఆక్సిటోసిన్ ఇచ్చి సెలైను పెడుతుంది. మూడో సిస్టరు గడియారం చూస్తూ ఏ మందు ఏ నిమిషానికి ఇచ్చారో రాస్తుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు మూడు గంటల లోపు ఇస్తేనే ఉపయోగం గనుక ఈ రాత పని చిన్నదేమీ కాదు. ఆయా దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గరి బట్టలు చూస్తుంది. వార్డు బాయ్ రక్తం కోసం చీటీ పట్టుకుని పరుగెడతాడు. డాక్టరమ్మ గారు మాయ ముక్క లోపల ఉండిపోయిందా, ఎక్కడైనా చీలిందా అని చూస్తారు.

"ఎవరైనా సెలైను పెట్టండి" అనే మాట మా డ్రిల్లుల్లో నిషేధం. "ఎవరైనా" అంటే ఎవరూ పెట్టరు. పేరు పెట్టి చెప్పాలి, విన్నవారు తిరిగి అదే మాట చెప్పాలి: "ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇచ్చాను." వినడానికి బడిపిల్లల అప్పజెప్పులాగా ఉంటుంది. కానీ ఒకే మందు ఇద్దరు ఇవ్వడం, లేక ఇద్దరూ ఇవ్వకపోవడం జరిగేది ఇక్కడే.

ఇంకా కష్టమైనది నోరు విప్పడం. మన అలవాట్లు మీకు తెలియనివి కావు. పెద్దల ముందు చిన్నవాళ్ళు మాట్లాడకూడదు, డాక్టరు గారి ముందు నర్సు, నర్సు ముందు ఆయా మాట్లాడకూడదు. ఇంట్లో ఈ మర్యాద ఎంత మంచిదైనా లేబర్ రూములో ప్రాణం తీస్తుంది. ఒక డ్రిల్లులో కావాలనే డాక్టరమ్మ గారికి మాత్రం చెప్పి, ఆమెచేత ఒక మందు పేరు తప్పుగా పలికించాం. ఆరు నెలల కిందట చేరిన అమ్మాయి రెండు క్షణాలు తటపటాయించి, "మేడం, ఆ మందు బి.పి. ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు కదండీ" అంది. అందరం చప్పట్లు కొట్టాం. మీరు విన్న నవ్వులు అవే.

ఎంత రక్తం పోయిందో కంటితో చూసి చెప్పడం మా అందరి బలహీనత. ఎర్రరంగు కలిపిన నీళ్ళు కొలిచి బట్టల మీద, నేలమీద పోసి, "ఎంత ఉంటుంది?" అని అడిగితే అనుభవం ఉన్నవారు కూడా తక్కువే చెబుతారు. కర్ణాటకలోని బెల్గాంలో ఈ సంగతి మీద పరిశోధన చేసి, తల్లి నడుము కింద పరిచే కొలత గీతల ప్లాస్టిక్ సంచిని వాడారు. కంటి అంచనా అసలు కొలత కంటే మూడో వంతు తక్కువగా వచ్చింది. అటువంటి సంచితో కొలిచి, పైన చెప్పిన పనులన్నీ ఒక్కసారే మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణ ఆఫ్రికా, టాంజానియా దేశాల్లో పరీక్షించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం అన్నీ కలిపి వందకు 4.3 ఉన్నది 1.6కి తగ్గింది. కాబట్టి మా సిస్టర్లు మీ అమ్మాయి నడుము కింద ప్లాస్టిక్ పరిస్తే మంచం పాడవుతుందని పరిచారనుకోకండి.

డ్రిల్లు మనుషులనే కాదు, కట్టడాన్ని కూడా పరీక్షిస్తుంది. ఒక రాత్రి డ్రిల్లులో రక్తం కోసం పరుగెత్తిన వార్డు బాయ్ మెట్ల దగ్గర ఆగిపోయాడు. తొమ్మిది దాటితే ఆ గేటుకు తాళం వేస్తారు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ మెయిన్ గేటు దగ్గర. చుట్టూ తిరిగి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇప్పుడు రెండో తాళంచెవి లేబర్ రూము గోడకు వేలాడుతోంది.

పద్నాలుగు ఆంపూల్స్

గుర్రపువాతం అంటే గర్భిణికి బి.పి. పెరిగి ఫిట్స్ రావడం. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేటు. మొదటి మోతాదు మొత్తం 14 గ్రాములు. మా దగ్గరున్న ఆంపూలు ఒక్కొక్కటి ఒక గ్రాము. అంటే పద్నాలుగు గాజు ఆంపూల్స్ విరిచి మందు తీయాలి. నాలుగింటిలోది నీళ్ళు కలిపి నరానికి నెమ్మదిగా, మిగిలిన పది రెండు భాగాలు చేసి రెండు పిరుదులకు. పక్కన పేషెంటు కొట్టుకుంటుంటే, చేతులు వణుకుతుంటే ఒక్కరే ఈ పని చేస్తే ఎంతసేపు పడుతుందో ఊహించండి. గడియారం పెట్టి చూసుకున్న తర్వాత మేము ఒక నియమం పెట్టుకున్నాం: ఇద్దరు విరవాలి, మూడోవారు పేషెంటును ఎడమ పక్కకు తిప్పి ఊపిరి చూడాలి. ఆంపూల్స్, సిరంజీలు, మందు ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేటు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి టేపు అంటించాం. అభ్యాసానికి వాడే ఖాళీ ఆంపూల్స్ వేరే రంగు ట్రేలో ఉంటాయి, నిజమైన వాటిలో కలవకూడదు.

ఇంటి దగ్గర ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఇంకా చూస్తున్నాను. ఇనుము ఫిట్స్‌ను ఆపదు, చెంచా పళ్ళు విరగ్గొడుతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, 108కి ఫోను చేయండి.

భుజం ఇరుక్కుంటే

తల వచ్చి భుజం రాకపోతే బిడ్డకు ఉన్న వ్యవధి కొద్ది నిమిషాలే. తల్లి మోకాళ్ళు రెండూ పొట్టకు ఆనేలా మడిచి పట్టుకోవాలి, ఒకరు పొత్తికడుపు కింది ఎముకకు కాస్త పైన అరచేతితో నొక్కాలి. చాలాసార్లు దీనితోనే భుజం జారివస్తుంది. పొట్ట పైభాగాన నొక్కడం మాత్రం చేయరాదు. భుజం ఇంకా బిగుసుకుంటుంది, గర్భసంచి చిట్లవచ్చు. "మా ఊళ్ళో మంత్రసాని గట్టిగా నొక్కేది, మీరెందుకు నొక్కరు?" అని అడిగే అత్తగార్లకు ఇదే నా జవాబు.

ఈ అభ్యాసం ఫలితాన్ని ఇంగ్లండులో బ్రిస్టల్ పట్టణంలోని సౌత్‌మీడ్ ఆసుపత్రివారు లెక్కకట్టారు. అక్కడ 2000 సంవత్సరం నుంచి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు అందరికీ ఏటా డ్రిల్లు తప్పనిసరి. భుజం ఇరుక్కున్న బిడ్డల్లో దెబ్బ తగిలినవారు అంతకుముందు వందకు 9.3 మంది ఉండగా, ఆ తర్వాత 2.3కి తగ్గారు. ఆ దెబ్బల్లో ముఖ్యమైనది చేయి చచ్చుబడటం. జీవితాంతం ఒక చేయి లేవని బిడ్డను పెంచిన తల్లికి ఈ అంకె అర్థమవుతుంది.

ఏడాదికి ఒకసారి చాలదా?

ఈ ప్రశ్నకు జవాబు మనలాంటి ఒక మిషన్ ఆసుపత్రి నుంచే వచ్చింది. టాంజానియాలో హైడమ్ అనే పల్లె ప్రాంతంలో లూథరన్ ఆసుపత్రి ఉంది. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోపు తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి అందకపోతే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించడం గురించి 2010లో అక్కడివారికి ఒకరోజు శిక్షణ ఇచ్చారు. తర్వాత పరీక్ష పెడితే బొమ్మ మీద అందరూ చక్కగా చేశారు. కానీ లేబర్ రూములో చూస్తే వారి పనితీరు ఏమీ మారలేదు! అప్పుడు పద్ధతి మార్చారు. వారానికోసారి, వార్డులోనే, మూడు నుంచి ఐదు నిమిషాలు మాత్రం అభ్యాసం. నెలకోసారి కాస్త పొడుగైనది. పుట్టిన 24 గంటల్లో చనిపోయే బిడ్డలు వెయ్యికి 11.1 నుంచి 7.2కి తగ్గారు. 2015లో ఇది ప్రచురించారు.

మన గురువారం అభ్యాసం ఈ నమూనాలోదే. పట్నంలో ఏసీ హాలులో ఒకరోజు శిక్షణ, భోజనం, సర్టిఫికెట్టు: వాటికి నేను వ్యతిరేకిని కాను, నా ఫైలులో కూడా చాలా ఉన్నాయి. కానీ మా మెట్ల గేటు తాళం సంగతి ఆ హాలులో తెలిసేది కాదు.

అలాగని డ్రిల్లు సర్వరోగ నివారిణి కాదు. స్కాట్లండులో బ్రిస్టల్ పద్ధతిని పలు ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టి 2020లో ఫలితాలు ప్రకటిస్తే, పుట్టిన బిడ్డల స్థితిలో చెప్పుకోదగిన తేడా కనపడలేదు. రక్తం దొరకని చోట, డాక్టరు లేని చోట, పేషెంటే ఆలస్యంగా వచ్చిన చోట మేము ఎంత చురుకుగా పరుగెత్తినా కొంతవరకే.

ఆ మిగిలిన భాగం మీ చేతిలో ఉంది

డ్రిల్లులో ఒకరికి బంధువు వేషం కూడా ఇస్తాం, ఎందుకంటే నిజమైన కేసులో గది బయట ఎనిమిది మంది ఉంటారు, ఎనిమిది మందికీ ఒకే ప్రశ్న. ఒక సిస్టరు వారికి సమాధానం చెబుతూ ఉండిపోతే లోపల ఒక జత చేతులు తగ్గాయన్నమాట. ఎనిమిదో నెల చెకప్పుకు వచ్చినప్పుడే మీ తరఫున మాట్లాడే ఒక్కరి పేరు, ఫోను నంబరు కార్డులో రాయించండి. గంట మోగితే మా వాళ్ళు ఆ ఒక్కరి దగ్గరికే వచ్చి సంగతి చెబుతారు, సంతకం కావాలన్నా వారినే అడుగుతారు. ఆ వ్యక్తి టీకి వెళ్తే ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి.

రక్తం గ్రూపు కార్డులో ఉండాలి. రక్తం ఇవ్వగల ఇద్దరు ఆరోగ్యవంతుల పేర్లు ముందే అనుకోండి. భర్త ఇవ్వడానికి సిద్ధంగా ఉండి, అమ్మగారు "ఒంట్లో శక్తి పోతుంది, వద్దు నాయనా" అని ఆపేసిన సందర్భాలు చూశాను. అమ్మగారితో ఈ మాట నెలలు నిండకముందే తీరిగ్గా మాట్లాడండి, లేబర్ రూము గుమ్మంలో కాదు. ఐరన్ మాత్రలు మానవద్దు. మలం నల్లగా వస్తుందని భయపడి మానేస్తున్నవారు ఉన్నారు, అది మాత్ర రంగే.

తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, రొమ్ము కింద కడుపునొప్పి, ముఖం ఉబ్బడం, ఉమ్మనీరు పోవడం, రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లారేవరకు ఆగవద్దు. కాన్పు అయి ఇంటికి వెళ్ళాక కూడా ప్రమాదం పూర్తిగా పోదు. గంటలోపే ఒక ప్యాడు పూర్తిగా తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా, బాలింతకు తలనొప్పి, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చు. డిశ్చార్జి చీటీ వెనక ప్రసూతి వార్డు నంబరు ఉంది, రాత్రయినా చేయండి. వచ్చే దారిలోనే ఫోను చేసి కాన్పు అయి ఎన్ని రోజులయింది, ఏమి కనపడింది, రక్తం గ్రూపు ఏది అన్న మూడు సంగతులు చెబితే, మీరు గేటులోకి వచ్చేసరికి ఆ డబ్బా టేపు విప్పి ఉంటుంది.